చేవ వైపు చెక్క

ఈ వారంలో మా మనవరాలు విరిగిన కర్ర ఒకటి ఇంటికి తెచ్చి, గరాజ్‌లో చెత్తడబ్బా పక్కన పడేసింది. ఇక్కడ హామిల్టన్‌లో వాళ్ళ బళ్ళో ఐర్లండ్ నుంచి వచ్చిన టీచరమ్మ ఒకామె ఉంది. ఆమె తమ దేశపు కర్రాటను పిల్లలకు నేర్పుతోంది. శనివారం పూట క్లబ్బులో పెద్ద మైదానం మీద ఆడతారు. హర్లింగ్ అంటారు. ఆడపిల్లలు ఆడితే ఇంకో పేరుందట, అది నాకు నోరు తిరగదు. కర్ర నడుము ఎత్తుంటుంది. కింది కొస అరచెయ్యంత వెడల్పుగా, ఒక పక్కకు వంపు తిరిగి ఉంటుంది. దాంతో చిన్న తోలు బంతిని నేల మీదా కొడతారు, గాల్లోనూ కొడతారు. తలకాయలు పగలకుండా హెల్మెట్లు పెట్టుకుంటారు.

"ఎట్లా విరిగిందే?" అన్నాను.

"ఇట్ జస్ట్ బ్రోక్, అమ్మమ్మా. ఇంకో అమ్మాయి కర్రతో క్లాష్ అయింది."

"ఆ పిల్లది కూడా విరిగిందా?"

"నో."

"మరి నీదొక్కటే ఎందుకు విరిగింది?"

మా పిల్ల భుజాలు ఎగరేసి ఫ్రిజ్ తెరవడానికి పోయింది. నేను ఆ ముక్కలు తీసి చూశాను. సరిగ్గా వంపు దగ్గర విరిగింది. కర్ర వంగింది గానీ లోపల నార, అదే చెక్కలో పొడుగునా సాగే పోగులు, వంగలేదు. తిన్నని చెక్క మీద వంపు గీసి మిషన్లో కోశారు. వంపు దగ్గర నార అడ్డంగా తెగింది. అట్లాంటి కర్ర విరక్క ఏం చేస్తుంది?

నేను వడ్రంగి కూతురిని. అక్షరాలు యాభై దాటాక వచ్చాయి గానీ, కర్రను చదవడం ఐదేళ్ళకే వచ్చింది.

శనివారం ఆ ముక్కలు సంచిలో వేసుకుంటుంటే మా అమ్మాయి చూసింది. తను ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి బయల్దేరుతోంది.

"అమ్మా, విరిగినవి ఎందుకు? కొత్తది ఆర్డర్ చేశాను, మండే వస్తుంది."

"ఇట్లాంటిదే వస్తది."

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

మైదానం దగ్గర మా మనవరాలి కోచ్ ఉన్నాడు. ఇంచుమించు నా ఈడువాడు. ఎర్రటి మొహం, ఒక మోకాలు సరిగా వంగదు. ఆయనా ఐర్లండ్ వాడే. ఆయనకు ముక్కలు చూపించి, బొటనవేలి గోటితో నార వెంట గీశాను. వంపు దగ్గరికి వచ్చేసరికి నా గోరు కర్ర అంచు దాటి బయటికి పోయింది. ఆయన నన్ను ఒక చూపు చూసి గట్టిగా నవ్వాడు. ఏదో చాలా చెప్పాడు. మా మనవరాలు ముక్కలు ముక్కలుగా తెలుగు చేసింది.

"హి సేస్, యాష్ అని ఒక చెట్టంట అమ్మమ్మా. దాని బాటమ్, రూట్స్ దగ్గర కర్వ్ అవుతుంది కదా, అక్కడి నుంచే కట్ చేస్తారంట. కర్వ్ చెట్టులోనే ఉండాలంట. కానీ అక్కడ ఆ చెట్లన్నీ ఏదో డిసీజ్ వచ్చి చచ్చిపోతున్నాయంట. ఇక్కడేమో పురుగులు తినేస్తున్నాయంట."

ఆ పురుగుల సంగతి నాకు తెలుసు. మా వీధిలోనే నిలువునా ఎండిన చెట్లను సిటీ వాళ్ళు కొట్టేశారు. మొద్దులు ఇంకా ఉన్నాయి.

ఆయన కుంటుకుంటూ పోయి కారు డిక్కీలోంచి నాలుగు పాత కర్రలు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"నిన్నే ఛూజ్ చెయ్యమంటున్నాడు," అంది మనవరాలు. "గేమ్ స్టార్ట్ అవ్వడానికి ట్వెంటీ మినిట్స్ ఉంది."

మడతకుర్చీలో కూర్చుని ఆ కర్రలు ఒక్కొక్కటే చేత్తో తడుముతున్నాను. అప్పుడు మా నాయన కొట్టం గుర్తొచ్చింది.

మా నాయన కొట్టంలో ఎప్పుడూ వగరు వాసన. పచ్చి తుమ్మ చెక్కితే వచ్చే వాసన అది. దాని మీద ఆముదం వాసన, బీడీ వాసన. పొద్దున్నే నలుగురైదుగురు ఆసాములు వచ్చి మొద్దుల మీద కూర్చునేవాళ్ళు. పని ఉన్నా లేకపోయినా వచ్చేవాళ్ళు. ఎవరి ఎద్దు కుంటుతోంది, ఎవరి కోడలు అలిగి పోయింది, వాగుకు ఈసారి నీళ్ళొస్తాయా రావా, అన్నీ అక్కడే తేలేవి. నేను వాళ్ళ కాళ్ళ మధ్య తిరుగుతూ చెక్కపేళ్ళు ఏరి గంపకెత్తేదాన్ని. మా అమ్మ ఆ పేళ్ళతోనే వంట చేసేది. తుమ్మ బెరడుకు అంటుకున్న బంక కనిపిస్తే మాత్రం గంపలోకి పోయేది కాదు, నా నోట్లోకి పోయేది.

"ఆచారీ, నీ కూతురు చెట్టును కూడా తినేస్తందయ్యా," అనేవాళ్ళు.

"చెట్టుకు లేని బాధ మీకెందుకు?" అనేవాడు నాయన, తలెత్తకుండా.

నాగలి చెయ్యడానికి తిన్నని కర్ర పనికిరాదు. చెట్టు తనంతట తాను వంగిన చోటే కొట్టుకురావాలి. అట్లాంటి చెట్టు కోసం నాయన చలికాలమంతా వాగు వెంట తిరిగేవాడు. దొరికితే కొట్టి, నీళ్ళలో నానేసి, నీడన ఆరబెట్టి, ఏరువాక దగ్గర పడ్డాక చెక్కేవాడు. ఆ ఏడాది ఒక దుంప, అంటే నాగలికి కింద ఉండే వంపు మొద్దు, దొరికింది. అంత అందమైన వంపు నేను మళ్ళీ చూడలేదు. అది ఒక పొడుగాటి ఆసామికి మాట ఇచ్చిన దుంప. ఆయన మనిషీ పొడుగే, కొత్తగా కొన్న ఎద్దుల జతా పొడుగే. దాని మీద నాయన జాజుతో ఎర్రగా గీత గీశాడు. ఆ గీత ఉంటే ఆ కర్ర వేరేవాళ్ళది అయిపోయిందని అర్థం.

మా ఊళ్ళోనూ ఒక కర్రాట ఉండేది. చెండాట అనేవాళ్ళం. పాత గుడ్డలు గట్టిగా చుట్టి, పైన జనుపతాడు అల్లితే అదే చెండు. వంపు కర్రలతో దాన్ని కొట్టుకుంటూ పోయి రెండు రాళ్ళ మధ్య నుంచి దాటించాలి. ఎండాకాలం సెలవులిచ్చే ముందు రోజు మా ఊరి బడికీ, వాగు అవతలి ఊరి బడికీ పోటీ. కోత కోసిన జొన్నచేనే మైదానం. ఓడిన ఊరి పిల్లలు గెలిచిన ఊరి పిల్లలకు వేయించిన వేరుశనక్కాయలు, బెల్లం దోసిళ్ళతో పెట్టాలి. పెట్టేటప్పుడు నవ్వకూడదు, ఏడవకూడదు. అది కట్టుబాటు.

నేను బడికి పోయేదాన్ని కాదు. మేకలు కాసేదాన్ని. కానీ కోతలయ్యాక మేకలు ఆ చేలోనే మేసేవి కాబట్టి, రోజూ బడి పిల్లలతో ఆడాను. మేకలు తోలే కర్రతోనే ఆడాను. నాకన్నా పెద్ద మగపిల్లల కాళ్ళ మధ్య నుంచి చెండు లాక్కుపోయేదాన్ని. గొప్ప చెప్పుకోవడం కాదు, నిజం.

పోటీ రేపనగా మా ఊరి జట్టులో పిల్లవాడొకడికి ఆటలమ్మ పోసింది. మా ఊరి అయ్యవారు చేలోకి వచ్చి నా మేకల మధ్య నిలబడ్డాడు. ముక్కు పొడుం వాసన కొట్టే బక్కపలచని మనిషి.

"ఏమే, రేపు ఆడతావా?"

"బళ్ళో పేరున్నోళ్ళే కదా ఆడాలి, అయ్యోరూ."

"పేరు రాస్తే ఉంటది."

రిజిస్టరు తెచ్చుకునే వచ్చాడు. గట్టు మీద కూర్చుని, మోకాలి మీద పెట్టి రాశాడు. రాసింది నాకు చూపించి, "ఇదీ నువ్వు," అన్నాడు. నేను వంగి చూశాను. మేక ఒకటి కూడా వంగి చూసింది, దాని మూతి మీద కొట్టాను.

"రేపటికి రాసింది కాదు ఇది. సెలవులయ్యాక బడికి రావాలి. మీ నాయన పంపుతాడా?"

"పంపుతాడు."

"మంచి కర్ర ఉందా?"

"ఉంది."

రెండూ అబద్ధాలే. నాయనను నేను అడగనే లేదు. మేకల కర్రతో పోటీలో ఆడితే మొదటి దెబ్బకే రెండవుతుంది.

ఆ మధ్యాహ్నం నాయన పక్క ఊరికి బండి చక్రం బిగించడానికి పోయాడు, మర్నాటికి గానీ రాడు. కొట్టంలో నేనూ, ఆ దుంపా మిగిలాం. నా ఆలోచన ఇట్లా సాగింది: దుంపను చెక్కేటప్పుడు ఎటూ నాలుగు వైపులా చెక్కపేళ్ళు తీసేస్తాడు. ఆ పేళ్ళు పొయ్యిలోకే పోతాయి. అందులోంచి నేనొక పలక తీసుకుంటే ఎవరికి నష్టం?

పైచెక్క వైపు తీసి ఉంటే నాయన నవ్వి ఊరుకునేవాడు. పైచెక్క అంటే బెరడు కింద ఉండే తెల్ల చెక్క, అది ఎందుకూ పనికిరాదు. లోపలి నల్ల చెక్కే చేవ. బలమంతా దానిదే. పైచెక్కతో చేసిన కర్ర ఆటకు ఆగదు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే చేవ వైపు తీశాను. జాజు గీత నాకు కనపడింది. దాన్ని దాటే ఉలి పెట్టాను.

రంపం ముట్టలేదు. రంపం నారను తెంపుతుంది. ఉలి పెట్టి, సుత్తితో చిన్నగా కొడుతూ చీల్చాను. చీలిక దుంప వంపు వెంటే పోయింది. చేతులు బొబ్బలెక్కాయి. బాడిసతో చెక్కి, గాజుపెంకుతో నున్నగా గీకి, ఆముదం రాశాను. దుంపను గోడవైపు తిప్పి పెట్టాను.

మర్నాడు పోటీ. అవతలి ఊరి అయ్యవారు రిజిస్టరు చూసి పేర్లు పిలిచాడు. నా పేరు పిలిచినప్పుడు "ఉన్నా," అన్నాను. ఆడపిల్ల గొంతు వినపడేసరికి వాళ్ళ పిల్లలు గొల్లున నవ్వారు.

"మీ ఊళ్ళో మగపిల్లలు అయిపోయారంట్రా?"

"మీకు ఈమె చాల్లే అని మిగతావాళ్ళు ఇంట్లో పడుకున్నారు," అన్నాడు మావాడొకడు.

ఆట మొదలైంది. నా చేతిలో కర్ర బరువే తెలియలేదు. రెండుసార్లు రాళ్ళ మధ్య నుంచి చెండు దాటించాను. వాళ్ళు ఒక్కసారి. వాళ్ళలో లావుపాటివాడు ఒకడు నా కర్ర మీద బలమంతా పెట్టి కొట్టాడు. వాడిదే విరిగింది. మా ఊరివాళ్ళు ఈలలు వేశారు.

ఆ ఈలల మధ్య గట్టు మీద నాయన కనిపించాడు. భుజాన బాడిస అట్లాగే ఉంది. ఇంటికి వచ్చి, దుంప చూసి, నేరుగా ఇటే వచ్చాడు.

"మీ పిల్ల భలే ఆడతంది, ఆచారీ," అన్నాడు మా అయ్యవారు. నాయన చేలోకి దిగి నా దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. కర్ర ఇచ్చాను. ఎండకు ఎత్తి పట్టి, పై నుంచి కింది వంపు దాకా బొటనవేలితో తడిమాడు. కొసను కాలి కింద పెట్టి వంచి చూశాడు. కిర్రుమనలేదు.

"రంపమా?"

"కాదు. ఉలితో చీల్చా."

"ఏ వైపు?"

"చేవ వైపు."

"తెలిసే తీశావా?"

"పైచెక్క అయితే విరిగిద్ది నాయనా."

అవతలివాళ్ళు కూడా నవ్వడం మానేశారు. ఆ బాడిస చూస్తే ఎవరికైనా భయమేస్తుంది. నాయన కర్రను మళ్ళీ నా చేతికిచ్చాడు.

"ఆట అయ్యాక రా," అని పోయి గట్టు మీద నిలబడ్డాడు.

ఆ తర్వాత నేను చెండును సరిగ్గా కొట్టింది లేదు. వాళ్ళు వరసగా రెండు దాటించారు. ఓడిపోయాం. దోసిట్లో వేరుశనక్కాయలు, బెల్లం పెట్టుకుని వాళ్ళకు పంచాను. నవ్వలేదు, ఏడవలేదు. వేయించిన కాయల వాసనకు నోరూరుతున్నా ఒక్కటి తినలేదు. అంతసేపూ నాయన ఎండలో నిలబడే ఉన్నాడు.

ఇంటికి పోయే దారిలో ఒక్కటే మాట అన్నాడు. "ఇంకో దుంప దొరికేదాకా నాతో తిరుగు."

మూడు రోజులు తిరిగాం. అమ్మ సజ్జరొట్టెల్లో గోంగూర పచ్చడి పెట్టి, ఉల్లిపాయ వేసి మూట కట్టేది. నన్ను తిట్టింది అమ్మే. మూట కడుతూ తిట్టేది, విప్పితే మాత్రం నా రొట్టె మీద పచ్చడి ఎక్కువుండేది. నాయన తిట్టలేదు. ఒక్కొక్క తుమ్మ దగ్గరా ఆగి, నా కర్ర తీసుకుని చెట్టుకు ఆనించి చూసేవాడు. "దుంప పోయింది గానీ దాని వంపు దీంట్లో ఉంది," అన్నాడు. మూడో రోజు నేనే చూశాను. వాగు ఒడ్డున వరదకు పక్కకు ఒరిగి, మళ్ళీ పైకి లేచి పెరిగిన చెట్టు. నాయన కర్ర ఆనించాడు. వేలు దూరే సందు కూడా లేదు.

"నీకు కన్నుంది," అన్నాడు. అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ నన్ను మెచ్చుకున్నది లేదు.

కానీ కాలం చాలలేదు. నానడానికీ ఆరడానికీ చలికాలమంతా పట్టే కర్రకు రెండు నెలలు కూడా దొరకలేదు. ఏరువాక ముందు పొడుగు ఆసామి కొట్టానికి వచ్చాడు. నలుగురూ మొద్దుల మీద కూర్చుని ఉన్నారు. నేను రాయి మీద ఉలి నూరుతున్నాను.

"ఇదేంది ఆచారీ, నువ్వు నాకు చూపించిన దుంప కాదే ఇది?"

"అది చెడిపోయింది, ఆసామీ. కోత తప్పు పెట్టాను."

"నువ్వా? నువ్వు కోత తప్పావా?"

"తప్పాను."

మొద్దుల మీద ఒకాయన నవ్వాడు. "ఆచారి చెయ్యి వణకడం మొదలైందిరోయ్, ఇక మన బండ్లకు దేవుడే దిక్కు!"

అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. ఆ చుట్టుపక్కల ఆరేడు ఊళ్ళలో కోత తప్పని చెయ్యి మా నాయనది. ఆ పేరు తప్ప ఆయనకు ఇంకే ఆస్తీ లేదు. నేను ఉలి పక్కన పెట్టి లేచాను. నోరు తెరిచేలోపు నాయన నా వైపు చూశాడు.

"ఆసామికి మంచినీళ్ళు తే, పో."

నీళ్ళు తెచ్చాను. ఆసామి నీళ్ళు తాగి, చెంబు నా చేతికిచ్చి, నా తల నిమిరి పోయాడు. నేను మళ్ళీ ఉలి తీసి నూరాను.

ఏరువాక నాడు ఆ నాగలి మొదటి చాలు బాగానే తోలింది. రెండో ఏడాది వానలకు దుంప నిలువునా బీట కొట్టింది. ఆసామి తర్వాతి నాగలి అవతలి ఊరి వడ్రంగి దగ్గర చేయించుకున్నాడు. ఆయన వెనకే ఇంకో రెండిళ్ళవాళ్ళు పోయారు. పని తగ్గి నాయనకు ఇల్లు గడపడం కష్టమైంది.

ఇదంతా కాకముందే, ఆ ఏడాది సెలవులయ్యాక బడి తెరిచిన రోజు నాయన అడిగాడు. "అయ్యోరు నీ పేరు రాశాడంట గదా. పోతావా?"

"పోను," అన్నాను. "నాకు చదువంటే ఇష్టం లేదు."

అది మూడో అబద్ధం. మొదటి రెండింటి కన్నా ఇదే పెద్దది. అది చెప్పి, పోయి నాయనకు ఎదురుగా రంపం రెండో కొస పట్టుకున్నాను. నాయన ఇంకోసారి అడగలేదు. అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకిప్పటికీ తెలియదు.

అయ్యవారు ఆ ఏడాదంతా రోజూ పొద్దున నా పేరు పిలిచేవాడట. ఎవరూ పలక్కపోతే, రాలేదని రాసి తర్వాతి పేరు పిలిచేవాడట. బడికి పోయే పిల్లలు వచ్చి నాకు చెప్పేవాళ్ళు. నేను రంపం లాగుతూ వినేదాన్ని.

నా కర్రను నాయన కొట్టం వాసానికి వేలాడదీశాడు. వంపు చూడాల్సి వచ్చినప్పుడల్లా దాన్నే తీసుకుని వాగుకు పోయేవాడు. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. వంపు చెట్టుతో ఎవరికీ పని లేకపోయింది. నాయన పోయాక ఆ కర్ర ఏమైందో నేను చూడలేదు. పొయ్యిలోకే పోయుంటుంది. ఇప్పుడు ఆ కొట్టం ఉన్నచోట సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉందట.

అక్షరాలు నేర్చుకున్నాక ఒకసారి ఊరికి పోయినప్పుడు బడికి వెళ్ళి, ఆ పాత రిజిస్టరు చూపించమన్నాను. నా పేరు నేను చదువుకుందామని. ఎందుకని అడుగుతూనే పాత బీరువా తెరిచి చూపించారు. అన్నీ చెదలు తిన్నాయి. మట్టి రాలింది.

"అమ్మమ్మా! టెన్ మినిట్స్!"

మనవరాలు హెల్మెట్ పెట్టుకుని నా ముందు నిలబడి ఉంది. ఒళ్ళో ఉన్న నాలుగింట్లో మూడోదాని మీద నా వేలు ఆగి ఉంది. నార పై నుంచి కిందికి దిగి, వంపు దగ్గర తనూ వంగి, చివరిదాకా తెగకుండా పోయింది. రంగు నల్లబడింది. పిడి దగ్గర ఎవరివో చేతులు అరగదీసిన గుంటలు.

"ఇది."

"ఇట్స్ సో ఓల్డ్, అమ్మమ్మా! అగ్లీగా ఉంది."

"నేనూ అంతే. తీసుకుపో."

కోచ్ ఆ కర్ర చూసి నా వైపు బొటనవేలు ఎత్తాడు. తర్వాత ఏదో అన్నాడు. మనవరాలు పరిగెడుతూనే కేకేసి చెప్పింది. "అది వాళ్ళ నాన్నదంట!"

ఆట మొదలయ్యాక ఫోన్ మోగింది. మా అమ్మాయి.

"అమ్మా, దానికి పదకొండున్నరకు మ్యాథ్ ట్యూషన్ ఉంది, మర్చిపోయాను. కోచ్‌కి చెప్పి తీసుకొచ్చెయ్యి, ఊబర్ బుక్ చేస్తున్నా."

"ఆట అయ్యాక వస్తది."

"మిస్ అయితే మళ్ళీ స్లాట్ దొరకదమ్మా."

"ఆట అయ్యాక," అని ఫోన్ సంచిలో పడేశాను.

మైదానం మధ్యలో మా మనవరాలి కర్ర, అవతల పిల్ల కర్ర ఠపీమని తగులుకున్నాయి. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. విరగలేదు. పిల్ల బంతి లాక్కుని పరిగెత్తింది.

సంచిలో ఫోన్ మళ్ళీ మోగుతోంది. ఆ రోజు భుజాన బాడిసతో, చెడిన దుంపను కళ్ళారా చూసి వచ్చి, ఆట అయ్యేదాకా మా నాయన ఆ గట్టు మీద ఎట్లా నిలబడ్డాడో గాని, నేను నీడన కుర్చీలో కూర్చుని, ఫోన్ ఎత్తకుండా ఆగడానికే నానా అవస్థా పడుతున్నాను.